మెకానికల్ వాచీ ఒకరోజు ముందుకు, ఇంకోరోజు వెనక్కి ఎందుకు పోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆరు నెలల క్రితం మొదటి ఆటోమేటిక్ వాచీ (చేతి కదలికతో తనే కీ ఎక్కేది) కొన్నారు, లోపల సీకో ఎన్‌హెచ్35 మూవ్‌మెంట్, అంటే వాచీని నడిపే యంత్రం ఉంది. మొదట్లో రోజుకు 8 సెకన్లు ముందుకు పోయేది. ఇప్పుడు ఒకరోజు 5 సెకన్లు, మరోరోజు 22 సెకన్లు ముందుంటోంది. సెలవురోజు టేబుల్ మీద వదిలేస్తే 6 సెకన్లు వెనకబడుతోంది. వాచీ చెడిపోయిందా, సర్వీసింగ్‌కి ఇవ్వాలా, వెనక మూత తీసి వేగాన్ని సరిచేసే లీవర్‌ని మీరే జరపొచ్చా అని టెన్షన్ పడుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి వాచీ చెడిపోయినట్టు లేదు. సర్వీసింగ్ ఇప్పుడే అక్కర్లేదు. లీవర్ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, కనీసం కొన్ని వారాలు. మీ అంకెల్లో అందరి కళ్లూ 22 మీద పడతాయి. నేను చూసేది పైన 22కీ కింద మైనస్ 6కీ మధ్య ఉన్న 28 సెకన్ల ఎడం. ప్రతిరోజూ తప్పకుండా 15 సెకన్లు ముందుకు పోయే వాచీ ఆరోగ్యంగా ఉన్నట్టే, తెలిసినవాళ్లు దాన్ని ఐదు నిమిషాల్లో దారిలో పెడతారు. రోజుకో రకంగా నడిచే వాచీ సగటున సున్నా చూపించినా సరే, దాని వెనక ఏదో కారణం ఉంటుంది. ఆ కారణం వాచీ లోపల ఉండొచ్చు, మనం దాన్ని వాడే తీరులో ఉండొచ్చు. నా అనుభవంలో ఎక్కువసార్లు రెండోదే.

ఈ అంకెలను ఏ కొలతతో చూడాలో ఒకసారి చెప్పుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. ఎన్‌హెచ్35 గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 6 సార్లు, రోజుకు 5,18,400 సార్లు. 20 సెకన్లు ముందుకు పోవడమంటే అన్ని లక్షల దెబ్బల్లో 120 ఎక్కువ పడ్డాయన్నమాట. ఈ మూవ్‌మెంట్‌కి తయారీదారు చెప్పే హద్దు రోజుకు మైనస్ 20 నుంచి ప్లస్ 40 సెకన్లు. మీ వాచీ ఏ రోజూ ఆ గీత దాటలేదు. మామూలు క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, నెలంతా కలిపి 15 సెకన్ల లోపే తేడా వస్తుంది. దానితో పోటీ పెడితే మెకానికల్ వాచీ ఓడిపోతుంది, అందులో దాచేదేం లేదు. కానీ బ్యాటరీ, చిప్ ఏమీ లేకుండా ఒక చుట్ట స్ప్రింగ్, కొన్ని పళ్ల చక్రాలు, ఊగే ఒక చక్రం కలిసి 99.97 శాతం సరిగ్గా కాలాన్ని లెక్కపెట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే. మూత తీసిన ప్రతిసారీ ఆ చక్రం ఊగడం చూస్తూ కాసేపు పని ఆపేస్తాను.

ఒకేలా నడవడమే అసలు గుణం అనేది నేను కనిపెట్టిన మాట కాదు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ (చాలా కచ్చితంగా నడిచే వాచీ) సర్టిఫికెట్ ఇచ్చే సీఓఎస్‌సీ పరీక్ష చూడండి. 15 రోజులపాటు, ఐదు భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతల్లో మూవ్‌మెంట్‌ని నడిపిస్తారు. సగటు తేడా రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 మధ్య ఉండాలన్న ఒక్క షరతే బయట అందరికీ తెలుసు. నిజానికి ఏడు షరతులున్నాయి. మిగతా ఆరూ చూసేది వాచీ తన తీరును ఎంత నిలబెట్టుకుంటుందన్నదే: రోజుకీ రోజుకీ ఎంత మారుతోంది, పడుకోబెట్టినప్పటికీ నిలబెట్టినప్పటికీ తేడా ఎంత, ఒక్కో డిగ్రీ వేడికి ఎంత జరుగుతోంది, పరీక్ష చివర్లో మళ్లీ మొదటి రేటుకి (రోజుకు ఎంత ముందుకో, వెనక్కో అన్న అంకెకి) వచ్చిందా లేదా, ఇలా.

ఇంకా పాత ఉదాహరణ ఇంగ్లండ్ గడియారాల తయారీదారు జాన్ హారిసన్ చేసిన హెచ్4 అనే వాచీ. సముద్రంలో రేఖాంశం కనిపెట్టడానికి 1761 నవంబర్‌లో దాన్ని ఓడలో ఇంగ్లండ్ నుంచి జమైకాకు పంపారు. 81 రోజుల తర్వాత తేలిన తప్పు సుమారు 5 సెకన్లు అని పుస్తకాల్లో చదువుతాం. ఆ అంకె ముందే తెలిసిన రోజువారీ తేడాను లెక్కలోంచి తీసేశాక వచ్చినది. తీసేయకపోతే వాచీ మూడున్నర నిమిషాలకు పైగా వెనకబడి ఉంది. తర్వాతి కాలంలో ఓడల మీద క్రోనోమీటర్లు వాడినవాళ్లు కూడా ముల్లును ప్రతిరోజూ సరిచేసేవాళ్లు కాదు. రోజుకు ఎంత తప్పుతుందో పుస్తకంలో రాసుకుని, ఆ మేరకు కలిపో తీసేసో వాడుకునేవాళ్లు. తప్పు ఎంతో తెలిస్తే చాలు, అది మారకుండా ఉంటే చాలు, ప్రాణాలే దాని మీద పెట్టొచ్చు.

ఇక మీ వాచీ ఎందుకు మారుతోందో చూద్దాం. అందుకు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

శక్తి మెయిన్‌స్ప్రింగ్‌లో ఉంటుంది. అది విచ్చుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. ఆ శక్తి ఒక్కసారిగా ఖర్చైపోకుండా ఎస్కేప్‌మెంట్ ఒక్కో పన్నునూ ఆపి వదులుతుంది. ఎప్పుడు వదలాలో చెప్పేది బ్యాలెన్స్ వీల్, ముందు చెప్పిన ఊగే చక్రం. దానికి ఒక సన్నని హెయిర్‌స్ప్రింగ్ చుట్టలా అతికి ఉంటుంది. 1675లో క్రిస్టియాన్ హైగెన్స్ ఈ చుట్ట స్ప్రింగ్‌ని ప్రకటించాకే చేతిలో పట్టే గడియారాలకు నిమిషాల ముల్లు పెట్టడానికి అర్థం వచ్చింది. ఊయలను గట్టిగా ఊపినా మెల్లగా ఊపినా ఒక్కో ఊపుకి పట్టే సమయం దాదాపు ఒకటే కదా, బ్యాలెన్స్ వీల్ కూడా అలాగే ఉండాలని వాచీ చేసేవాళ్ల కోరిక. అలా ఉంటే లోపలి శక్తి తగ్గినా పెరిగినా టైమ్ మారదు. ఆ కోరిక పూర్తిగా ఎప్పుడూ తీరదు. "దాదాపు" అన్న ఆ చిన్న సందులోంచే మీ 28 సెకన్ల తేడా పుడుతోంది.

ఆ చక్రం మధ్య నుంచి ఒక పక్కకు ఎంత దూరం తిరుగుతుందో దాన్ని ఆంప్లిట్యూడ్ అంటాం, డిగ్రీల్లో చెప్తాం. నిండా కీ ఇచ్చిన మంచి వాచీ డయల్ పైకి పెట్టి పడుకోబెడితే 270 నుంచి 300 డిగ్రీల దాకా తిరుగుతుంది. స్ప్రింగ్ విచ్చుకునే కొద్దీ ఇది తగ్గుతుంది. ఒక్క రోజు గడిచేసరికే 200కి కిందకి పడిపోతుంటే లోపల ఏదో అడ్డుపడుతోందని అనుమానించాలి. ఆంప్లిట్యూడ్ తగ్గినప్పుడు వాచీ ముందుకు పోతుందా వెనకబడుతుందా అన్నది ఒక్కో వాచీకి ఒక్కోలా ఉంటుంది. హెయిర్‌స్ప్రింగ్ ఎలా అమరింది, రెగ్యులేటర్ (మీరు జరపాలనుకున్న లీవర్) పిన్నుల మధ్య దానికి ఎంత సందు ఉంది, చక్రం బరువు చుట్టూ సమంగా ఉందా, వీటన్నిటి మీదా అది ఆధారపడుతుంది.

మీ విషయంలో నేను మొదట అనుమానించేది ఇదే. ఆటోమేటిక్ వాచీ చేతికి ఉంటే చాలు, నిండా కీ ఎక్కి ఉంటుందని చాలామంది నమ్ముతారు. మీరు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని చేస్తారని రాశారు. మోచేయి బల్లమీద ఆన్చి టైప్ చేస్తుంటే లోపలి రోటర్, అంటే చేయి కదిలితే తిరిగి స్ప్రింగ్‌కి కీ ఇచ్చే బరువు, పెద్దగా తిరగదు. వాచీ ఆగిపోదు, కానీ స్ప్రింగ్ సగం నిండి, సగం ఖాళీగా రోజులు గడిపేస్తుంది. బాగా నడిచిన రోజు నిండుతుంది, కూర్చున్న రోజు నిండదు. సెలవురోజు టేబుల్ మీద పెట్టేసరికి అప్పటికే సగం విచ్చుకుని ఉంటుంది. ఈ మూవ్‌మెంట్ నిండా కీ ఇస్తే 41 గంటలు నడుస్తుంది. ఏదైనా రోజు తీసి పక్కన పెట్టి, ఎన్ని గంటలకు ఆగిందో చూడండి. ముప్పై గంటలకే ఆగిపోతే మీ వాచీ చేతిమీద నిండటం లేదని అర్థం. నిండా కీ ఇచ్చి పెట్టినా ముప్పైకే ఆగితే అప్పుడు వాచీ వైపు చూడాలి.

మందు సులువు. పొద్దున పెట్టుకునే ముందు క్రౌన్‌ని (వాచీ పక్కనుండే తిప్పే గుండీని) ఒక ముప్పై, నలభై చుట్లు తిప్పి కీ ఇవ్వండి. ఎన్‌హెచ్35కి చేత్తో కీ ఇచ్చే వీలుంది. దీనికంటే ముందు తరానికి చెందిన 7ఎస్26 లాంటి మూవ్‌మెంట్లలో ఆ వీలు లేదు, వాటిని ఊపాల్సిందే. ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగ్ తెగుతుందేమోనన్న భయం ఆటోమేటిక్ వాచీల్లో అక్కర్లేదు, స్ప్రింగ్ చివర డబ్బీ గోడకు గట్టిగా బిగించి ఉండదు, నిండాక జారిపోతుంది. పూర్తిగా చేత్తో కీ ఇచ్చే రకం వాచీలో మాత్రం గట్టిగా తగలగానే ఆపేయాలి. ఇలా రోజూ కీ ఇస్తూ ఒక వారం చూస్తే చాలా వాచీల్లో రోజువారీ ఎగుడుదిగుడులు సగానికి సగం తగ్గిపోవడం నేను చూశాను.

రెండోది భంగిమ. వాచీని వెల్లకిలా పడుకోబెడితే బ్యాలెన్స్ వీల్ ఇరుసు కొన ఒక్క రాయి (అరగకుండా అమర్చిన గట్టి రత్నం) మీద నిలబడి తిరుగుతుంది, రాపిడి చాలా తక్కువ. నిలబెడితే ఇరుసు రెండు కొనల పక్కభాగాలూ రాళ్లకు రాసుకుంటాయి, ఆంప్లిట్యూడ్ 20 నుంచి 40 డిగ్రీలు పడిపోతుంది. దీనికి తోడు చక్రంలో ఒక పక్క రవ్వంత బరువు ఎక్కువుంటే, నిలబెట్టినప్పుడు భూమి ఆకర్షణ దాన్ని లాగుతుంది. క్రౌన్ పైకి ఉంటే ఒకలా, కిందకి ఉంటే ఇంకోలా నడుస్తుంది. ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆంప్లిట్యూడ్ 220 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆ బరువు తేడా ప్రభావం సున్నా అవుతుంది. దానికంటే పైన ఉంటే వాచీని ఒక వైపుకి నెడుతుంది, కింద ఉంటే సరిగ్గా ఎదురు వైపుకి. అందుకే ఒకే వాచీ, ఒకే భంగిమలో, నిండా కీ ఉన్నప్పుడు వెనకబడి, కీ తగ్గాక ముందుకు పోవడం చూస్తాం. ఇది తెలియనివాళ్లు వాచీకి పిచ్చి పట్టిందనుకుంటారు. అది తన లెక్క ప్రకారమే నడుస్తోంది.

వాచీల తయారీదారు బ్రెగే 1801లో టూర్బియాన్ అనే అమరికకి పేటెంట్ తీసుకున్నది ఈ సమస్య కోసమే. అప్పటి వాచీలు రోజంతా జేబులో నిటారుగా ఉండేవి, అందుకని ఎస్కేప్‌మెంట్ మొత్తాన్ని గుండ్రంగా తిప్పేస్తే అన్ని భంగిమల తేడాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఆయన ఆలోచన. చేతికి పెట్టుకునే వాచీ ఎలాగూ రోజంతా భంగిమలు మారుతూనే ఉంటుంది. అందుకే చేతి వాచీలో టూర్బియాన్ చూడటానికి గొప్ప పనితనమే గానీ, టైమ్ కోసం దాని అవసరం పెద్దగా లేదని నా అభిప్రాయం.

మీకు ఇందులో పనికొచ్చే విషయం రాత్రిపూట ఉంది. పగలు చేతిమీద ముందుకు పోయే వాచీ, రాత్రి ఏదో ఒక భంగిమలో వెనకబడొచ్చు. అది ఏదో కనిపెడితే, రాత్రి ఎనిమిది గంటలు అలా పెట్టి పగటి సెకన్లను తిరిగి రాబట్టొచ్చు. కొన్ని వాచీలు క్రౌన్ పైకి పెడితే వెనకబడతాయి, కొన్ని కిందకి పెడితే. మీ సెలవురోజు మైనస్ 6 చూస్తే, ఆ రోజు పెట్టిన భంగిమలో మీ వాచీ వెనకబడుతోందన్నది దాదాపు ఖాయం. దాన్ని లోపంగా చూడకండి, వాడుకోండి. మూత తీయకుండా చేసుకోగలిగిన రెగ్యులేషన్ (వేగం సరిచేయడం) ఇదొక్కటే.

మూడోది అయస్కాంతం. దీన్ని అందరూ అన్నిటికీ కారణంగా చెప్పేస్తుంటారు, మీకు ఇంకెవరో ఇచ్చిన జవాబులోనూ అదే ఉంది. కాదని అనను, ఒకసారి చూడాల్సిందే. కానీ లక్షణాలు పూర్తిగా కలవడం లేదు. హెయిర్‌స్ప్రింగ్‌కి అయస్కాంతం పడితే దాని చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, పనిచేసే పొడవు తగ్గిపోతుంది, వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెడుతుంది. కొద్దిగా పడితే పదుల సెకన్లు. ఏదైనా సరే, ఒక రోజు మొదలై అక్కడే ఉండిపోతుంది. ఇవాళ 22, రేపు 5 అని తగ్గిపోదు.

పరీక్షించాలంటే మామూలు దిక్సూచి తీసుకుని వాచీని దాని పక్కన మెల్లగా తిప్పండి. సూది వాచీ వైపు లాగబడటం మాత్రమే సరిపోదు, లోపల ఉన్న మామూలు ఉక్కు కూడా సూదిని కొంచెం లాగుతుంది. వాచీని ఒక పక్క చూపిస్తే లాగి, ఇంకో పక్క చూపిస్తే తోసేస్తుంటే అయస్కాంతం పట్టినట్టు. దీనికి ఫోన్ వాడకండి, ఫోన్ స్పీకర్లోనే అయస్కాంతం ఉంది. ట్యాబ్ కవర్లు, ల్యాప్‌టాప్ మూతలు, బ్యాగుల అయస్కాంతపు గుండీలు, హెడ్‌ఫోన్లు, ఇండక్షన్ స్టవ్‌లు, వీటికి ఆనించి పెట్టడమే ప్రమాదం. ఒక జానెడు దూరంలో వీటి బలం చాలావరకు పడిపోతుంది, అందుకే గదిలో ఫోన్ ఉందని భయపడక్కర్లేదు. అయస్కాంతాన్ని తట్టుకునే వాచీ అని పిలవడానికి ఐఎస్ఓ 764 ప్రమాణం అడిగేది మీటరుకు 4,800 ఆంపియర్ల క్షేత్రం మాత్రమే. కవర్ల అయస్కాంతం నేరుగా తగిలితే అది సులువుగా దాటిపోతుంది. సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్ ఉన్న కొత్త వాచీలకు ఈ బెడద చాలావరకు తీరిపోయింది, మీదానికి ఆ సౌకర్యం లేదు.

పట్టినా కంగారు పడొద్దు, అయస్కాంతం తీసే చిన్న యంత్రంతో నిమిషంలో పోతుంది. ఒక్క జాగ్రత్త: బటన్ నొక్కి ఉంచి, వాచీని మెల్లగా చేయి చాపినంత దూరం తీసుకెళ్లాక బటన్ వదలాలి. వాచీ దగ్గర ఉండగా వదిలేస్తే కొత్తగా ఇంకా ఎక్కువ పట్టిస్తుంది.

ఉష్ణోగ్రత గురించి అడిగారు. ఒకప్పుడు ఇదే అతిపెద్ద శత్రువు. మామూలు ఉక్కు హెయిర్‌స్ప్రింగ్ వేడికి మెత్తబడి, ఒక్కో డిగ్రీకి రోజుకు సుమారు 10 సెకన్లు వెనకబెట్టేది. రెండు లోహాలు అతికించి కోసిన బ్యాలెన్స్ వీల్స్‌తో దాన్ని సరిచేసేవాళ్లు. షార్ల్ ఎడ్వార్ గియోమ్ నికెల్ ఉక్కు మిశ్రమాల మీద చేసిన పరిశోధన ఈ కథ మార్చింది, ఆయనకు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ తోవలో వచ్చిన నివరాక్స్ లాంటి మిశ్రమాల వల్ల ఇప్పుడు డిగ్రీకి ఒక సెకను కూడా మారడం అరుదు. చేతిమీద ఉన్న వాచీని మన ఒళ్లే ఒక వేడిలో ఉంచుతుంది కాబట్టి మీ 28 సెకన్లలో దీని వాటా చాలా చిన్నది. ఎత్తైన కొండల మీద గాలి పలచబడి, చక్రానికి అడ్డం తగ్గి, వాచీ కొన్ని సెకన్లు ముందుకు పోతుందన్నదీ నిజమే. మీ ఊరు మారలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

దెబ్బల సంగతి కొంచెం వేరు. ఇరుసులను కాపాడే స్ప్రింగ్ రాళ్ల అమరిక 1930ల నుంచి ఉంది, ఇవాళ దాదాపు అన్ని వాచీల్లోనూ ఉంటుంది. నేలమీద పడినా చాలావరకు బతికిపోతుంది. కానీ గట్టి దెబ్బకు హెయిర్‌స్ప్రింగ్ చుట్ట ఒకటి పిన్నులో ఇరుక్కుపోవచ్చు, రెగ్యులేటర్ జరగొచ్చు. పడిన రోజు నుంచే తేడా మొదలైతే ఇక ఆలోచించడానికేం లేదు, చూపించాలి. సుత్తి, డ్రిల్లింగ్ మెషీన్ పట్టేటప్పుడు తీసి పక్కన పెట్టండి. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే మాత్రం సెకన్ల లెక్క అంతా పక్కన పెట్టి ఆ రోజే తీసుకెళ్లండి, తుప్పు వాచీ కోసం ఆగదు.

ఇక నూనె. టైమ్ బాగా చూపిస్తోంది కాబట్టి వాచీ బాగుంది అనుకోవడమే దీని దగ్గర జరిగే పెద్ద పొరపాటు. నూనె ఎండిపోయిన వాచీ కూడా నెలల తరబడి సరిగ్గా టైమ్ చూపించగలదు. లోపల మాత్రం ఇరుసులు అరిగి, ఆ అరుగుడు పొడి మిగిలిన నూనెలో కలిసి నల్లటి ముద్దగా మారుతుంది, అది ఇంకా వేగంగా అరగదీస్తుంది. నూనె తగ్గిందని చెప్పేది టైమ్ కంటే ముందు ఆంప్లిట్యూడ్, నిండా కీ ఇస్తే ఎన్ని గంటలు నడుస్తోందన్నది. తయారీదారులు సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ల మధ్యలో సర్వీసింగ్ చెప్తారు. ఆరు నెలల వాచీకి ఈ ప్రశ్నే రాదు. కాకపోతే ఇప్పుడే, కొత్తగా ఉన్నప్పుడే, ఎన్ని గంటలు నడుస్తుందో ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత పోల్చి చూసుకోవడానికి అంతకంటే విలువైన అంకె ఉండదు.

మీరు ఇప్పుడు చేయాల్సిన పని ఇలా ఉంటే బాగుంటుంది. క్రౌన్ పూర్తిగా లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, ఫోన్ టైమ్‌తో సెకను తప్పకుండా కలపండి. తర్వాత రెండు వారాలు ముల్లును ముట్టుకోవద్దు. రోజూ ఒకే వేళకు, ఉదయం పెట్టుకునే ముందు, తేడా రాయండి. పక్కనే ఆ ముందు రోజు ఎన్ని గంటలు పెట్టుకున్నారు, రాత్రి ఎలా పడుకోబెట్టారు అని రాయండి. మొదటి వారం ఇప్పుడు వాడుతున్నట్టే వాడండి. రెండో వారం రోజూ కీ ఇచ్చి, రాత్రి ఒకే భంగిమలో పెట్టండి. ఆ తర్వాత ఓపిక ఉంటే, నిండా కీ ఇచ్చి 24 గంటలు డయల్ పైకి, మళ్లీ నిండా కీ ఇచ్చి 24 గంటలు క్రౌన్ పైకి, అలాగే క్రౌన్ కిందకి, డయల్ కిందకి కూడా చూడండి. ప్రతిసారీ నిండా కీ ఇవ్వడం మరిచిపోతే భంగిమ తేడా ఏదో, కీ తేడా ఏదో విడదీయలేరు.

రెండో వారంలో అంకెలు దగ్గరకు వచ్చాయనుకోండి, ఉదాహరణకు రోజూ 10 నుంచి 14 మధ్య, అప్పుడు రెగ్యులేషన్ గురించి ఆలోచించొచ్చు. అప్పటికీ చెల్లాచెదురుగానే ఉంటే టైంగ్రాఫర్ మీద పెట్టించి చూడాలి. అది వాచీ చప్పుడు విని మూడు అంకెలు చెప్తుంది: రేటు, ఆంప్లిట్యూడ్, బీట్ ఎర్రర్. చివరిది చక్రం అటూ ఇటూ సమంగా ఊగుతోందా అని చెప్పే కొలత, ఒక మిల్లీసెకను లోపు ఉంటే ఈ తరగతి మూవ్‌మెంట్‌కి బెంగ లేదు. యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్కకట్టడానికి ఒక్కో మూవ్‌మెంట్‌కి ఇచ్చే కోణం) సరిగ్గా పెట్టారో లేదో అడగండి, ఎన్‌హెచ్35కి అది 53 డిగ్రీలు, తప్పు పెడితే ఆంప్లిట్యూడ్ తప్పు చూపిస్తుంది. ఫోన్ యాప్‌లు నిశ్శబ్దమైన గదిలో రేటు వరకు పర్వాలేదు, వాటి ఆంప్లిట్యూడ్ అంకెను నేను నమ్మను. ఇంకో మాట, టైంగ్రాఫర్ చెప్పేది ఆ ఒక్క నిమిషం సంగతి. మీరు రెండు వారాలు రాసిన కాగితం దానికంటే ఎక్కువ చెప్తుంది, వాచీ మెకానిక్ దగ్గరికి వెళ్తే రెండూ పట్టుకెళ్లండి.

లీవర్ మీరే జరపొద్దని ఎందుకన్నానో ఒక లెక్కతో చెప్తాను. చక్రం వేగం హెయిర్‌స్ప్రింగ్ పొడవు మీద ఆధారపడుతుంది, లీవర్ జరిపితే పిన్నులు కదిలి మారేది ఆ పొడవే. పొడవు 0.05 శాతం తగ్గితే వాచీ రోజుకు దాదాపు 22 సెకన్లు ముందుకు పోతుంది. స్ప్రింగ్ పనిచేసే పొడవు 100 మిల్లీమీటర్లు అనుకుంటే, అది 0.05 మిల్లీమీటరు. మీరు లీవర్ మీద వేసే వేలి బలం ఆ కొలతను చూడలేదు. పక్కనే ఇంకో లీవర్ ఉంటుంది, అది బీట్ ఎర్రర్‌ది, పొరపాటున అది జరిగితే కొత్త సమస్య. స్క్రూడ్రైవర్ జారి హెయిర్‌స్ప్రింగ్‌కి తగిలితే సరిచేసే పని కొత్త మూవ్‌మెంట్ వేయడం కంటే కష్టం. ఖరీదైన వాచీల్లో చాలావరకు ఈ లీవర్ అసలు ఉండదు, చక్రం అంచునే ఉన్న చిన్న బరువులను తిప్పి సరిచేస్తారు, స్ప్రింగ్ పిన్నులకు తగలకుండా స్వేచ్ఛగా ఊపిరి తీసుకుంటుంది. నేర్చుకోవాలన్న ఉత్సాహం మీ మాటల్లో కనిపిస్తోంది, దాన్ని ఆపాలని లేదు. ఇదే రకం మూవ్‌మెంట్ విడిగా ఒకటి తెచ్చుకుని దాని మీద చేయి తిప్పండి, చేతికి పెట్టుకునే దాని మీద వద్దు.

వైండర్ (పెట్టుకోనప్పుడు వాచీని తిప్పుతూ కీ ఎక్కించే పెట్టె) కొనాలా అని కూడా అడిగారు. ఒక్క వాచీకి అవసరం లేదు. ఆగిపోయిన వాచీకి నష్టమేమీ లేదు, కీ ఇచ్చి టైమ్ కలుపుకుంటే చాలు. కలిపేటప్పుడు ఒకటి గమనించండి: రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు, నాలుగు దాకా తేదీ మార్చే పళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి, ఆ వేళలో క్రౌన్‌తో తేదీని నేరుగా మార్చొద్దు. ముందు ముళ్లను ఉదయం ఆరు దగ్గరికి తిప్పి, తేదీని నిన్నటిదిగా పెట్టి, తర్వాత ముళ్లను ముందుకు తిప్పుతూ ఇవాళ్టి తేదీ దాటించి టైమ్ కలపండి.

రెండు వారాల అంకెలు అయ్యాక ఇక్కడే పెట్టండి, భంగిమలతో సహా. దిక్సూచి పరీక్షలో ఏం కనిపించిందో, నిండా కీ ఇస్తే ఎన్ని గంటలు నడిచిందో కూడా రాయండి. ఆ మూడూ ఉంటే మీ 28 సెకన్లలో ఏ భాగం కీదో, ఏ భాగం భంగిమదో విడదీసి చెప్పగలను.